పాత సిస్టమ్, కొత్త గ్రాఫిక్స్ కార్డు

యాదగిరిగుట్ట నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు దాదాపు 60 కిలోమీటర్లు. కంప్యూటర్ సామాను కొనేవాళ్లందరికీ అది సీటీసీగానే తెలుసు. గుట్ట, ఆలేరు, భువనగిరి వైపు నుంచి గ్రాఫిక్స్ కార్డు కోసం బస్సెక్కే కుర్రాడికి ఏ కార్డు కావాలో ముందే తెలిసి ఉంటుంది, చేతిలో ఎంతుందో కూడా తెలుసు. తెలియనిది ఇంట్లో ఉన్న సిస్టమ్ సంగతి. దాని ఎస్‌ఎంపీఎస్ ఎంత కరెంటు ఇస్తుంది? మదర్‌బోర్డు ఏ కాలం నాటిది? క్యాబినెట్‌లో కార్డు పట్టేంత చోటుందా? కౌంటర్ అవతలి మనిషి మొదట అడిగేవి ఇవే. జవాబు లేకుండా కార్డు తెచ్చుకుంటే మళ్లీ 60 కిలోమీటర్లు.

మన ఊళ్లలో పాత గేమింగ్ సిస్టమ్ అంటే ఎక్కువగా రెండు రకాలు. పదేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్నది ఒకటి: ఇంటెల్ ఐ3 లేదా ఐ5 ప్రాసెసర్, హెచ్61 లేదా హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్. రెండోది కంపెనీలు వాడి వదిలేశాక సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ లాంటి ఆఫీసు సిస్టమ్. రెంటిలోనూ బొమ్మ గీసే పని ప్రాసెసర్‌లోనే ఒదిగి ఉన్న చిన్న గ్రాఫిక్స్ భాగానిది. జీటీఏ వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడినంత కాలం దానితో ఇబ్బంది లేదు. 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5 దగ్గరికే అది ఆయాసపడుతుంది. తరువాతి ఆటల సంగతి చెప్పనక్కర్లేదు. అప్పుడే కార్డు మాట మొదలవుతుంది.

అయితే ఆట నెమ్మదించడానికి కారణం ప్రతిసారీ కార్డు కాదు. సిస్టమ్‌లో అన్నిటికంటే వెనకబడిన భాగమేదో, ఆట వేగాన్ని అదే నిర్ణయిస్తుంది. కార్డు మార్చగానే ఆ వెనకబాటు మాయం కాదు, ఇంకో భాగానికి జరుగుతుంది. ఎక్కడికి జరుగుతుందో ముందే లెక్కేయగలిగితే డబ్బు మిగులుతుంది.

ఒక ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు

1920×1080 తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. ఆట సెకనుకు 60 ఫ్రేములతో నడవాలంటే ప్రతి సెకనూ 12.4 కోట్ల పిక్సెళ్లకు రంగు తేల్చాలి. ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు.

ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త: మనం వాడుకలో క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అంటాం, ఈ వ్యాసంలో ప్రాసెసర్ అంటే మదర్‌బోర్డు మీది చిప్ మాత్రమే. శత్రువు ఎటు నడవాలి, బుల్లెట్ ఎవరికి తగిలింది, గోడకు గుద్దుకున్న కారు ఎటు తిరగాలి, ఈ క్షణాన తెర మీద ఏయే వస్తువులు కనబడాలి అన్నవి ప్రాసెసర్ తేలుస్తుంది. ఆ జాబితా అందుకుని వస్తువుల ఆకారాలను తెర మీదికి దించి, వెలుగునీడలు లెక్కగట్టి, పిక్సెల్ పిక్సెల్‌కూ రంగు వేసేది గ్రాఫిక్స్ చిప్. కార్డు ఒక ఫ్రేము గీస్తుండగానే ప్రాసెసర్ తరువాతి ఫ్రేము జాబితా సిద్ధం చేస్తుంటుంది. అందుకే రెంటి సమయాలనూ కలపకూడదు. ఏది ఎక్కువసేపు తీసుకుంటే ఫ్రేముకు పట్టే సమయం అదే.

ఉదాహరణకు ఒక ఆటలో ప్రాసెసర్‌కు ఫ్రేముకు 14 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్‌కు 30 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. ఆట 30 దగ్గరే నడుస్తుంది, అంటే సెకనుకు 33 ఫ్రేములు. మూడింతలు వేగమైన కార్డు పెడితే గ్రాఫిక్స్ పని 10 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఇప్పుడు వెనకబడింది ప్రాసెసర్. దాని 14 మిల్లీసెకన్ల లెక్కన 71 ఫ్రేములు వస్తాయి. ఇది మంచి బేరమే. ఆరింతలు వేగమైన కార్డు పెడితే? గ్రాఫిక్స్ 5 మిల్లీసెకన్లలో పని ముగించి ఖాళీగా కూర్చుంటుంది. ఆట మాత్రం 71 దగ్గరే. ప్రాసెసర్‌కు మొదటే 25 మిల్లీసెకన్లు పట్టే సిస్టమ్ అయితే ఎంత కార్డు పెట్టినా 40 దాటదు. అంత ఖర్చుకూ వచ్చింది ఏడు ఫ్రేములు.

కట్ట కట్టి ముంచే పని

గ్రాఫిక్స్ చిప్‌కు అంత వేగం ఎక్కడిది? దాని ఒక్కో కోర్ ప్రాసెసర్ కోర్ కంటే బలహీనమైనదే. పాత ఐ5లో నాలుగు కోర్లుంటే 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లో 896, 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060లో 3,584 ఉన్నాయి. ఇన్ని కోర్లకు విడివిడిగా ఆజ్ఞలివ్వాలంటే చిప్ సగం ఆ ఏర్పాట్లకే సరిపోతుంది. అందుకు ఎంచుకున్న ఉపాయం మన జిల్లాలోనే కళ్లారా చూడవచ్చు. భూదాన్ పోచంపల్లి ఇక్కత్‌లో గ్రాఫు కాగితం మీద వేసుకున్న డిజైన్ ప్రకారం నూలు పోగులను కట్టలుగా కట్టి, రంగు అంటకూడని చోట బిగించి, కట్ట మొత్తాన్నీ ఒకేసారి రంగులో ముంచుతారు. ఒక్క మునకతో పోగులన్నిటికీ రంగు పడుతుంది. ఒక్కో పోగుకూ ఒక్కో రంగు కావాలంటే మాత్రం కట్ట కట్టి లాభం లేదు. ఎన్‌విడియా చిప్‌లలో 32 లెక్కల కట్టకు ఒకే ఆజ్ఞ వెళుతుంది. ఆ కట్టకు వాళ్లు పెట్టుకున్న పేరు వార్ప్, అంటే పడుగే.

పిక్సెళ్ల పని సరిగ్గా ఇలాంటిది. గడ్డి మైదానంలోని లక్ష పిక్సెళ్లకూ లెక్క ఒకటే, అంకెలు మాత్రమే వేరు. శత్రువు ఎటు నడవాలన్న లెక్క అలా కాదు. అక్కడ ప్రతి అడుగూ ముందు అడుగు ఫలితం మీద ఆధారపడుతుంది, కట్టలో ఒక్కో పోగు ఒక్కో దారి పట్టాల్సి వస్తుంది. అందుకే ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆ భారం ప్రాసెసర్ నెత్తి మీదే ఉంటుంది. కృత్రిమ మేధ లెక్కలూ ఒకప్పటి ఇథీరియం క్రిప్టోకరెన్సీ తవ్వకమూ కట్ట కట్టి ముంచే రకం పనులే. గేమర్లు కొనే కార్డులకు ఆ పనుల వ్యాపారులూ ఎగబడటానికి, ధరలు ఎగసిపడటానికి మూలం అక్కడుంది.

కార్డు వేగంలో సగం రహస్యం దాని సొంత మెమొరీలో ఉంది. పాత సిస్టమ్‌లో ఒకే డీడీఆర్3 1600 ర్యామ్ కర్ర ఉంటే సెకనుకు 12.8 జీబీ సమాచారం కదులుతుంది. ప్రాసెసర్‌తో పాటు లోపలి గ్రాఫిక్స్ కూడా దాన్నే పంచుకోవాలి. జీటీఎక్స్ 1650 తొలి రకంలో కార్డు మెమొరీ వేగం సెకనుకు 128 జీబీ, అంటే పది రెట్లు. కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేనివాళ్లకు ఇందులోనే ఒక చవక కిటుకుంది. ఒక కర్ర మీద నడుస్తున్న సిస్టమ్‌కు అలాంటిదే రెండో కర్ర జోడిస్తే మెమొరీ దారి రెట్టింపవుతుంది. లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు ఆ తేడా తెర మీదే కనబడుతుంది.

కొనకముందే పరీక్ష

వెనకబడింది ఏదో కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇప్పటికే పాత కార్డేదో ఉన్నవాళ్లు ఆటలో ఎప్పుడూ ఇబ్బంది పెట్టే చోటికి వెళ్లి ఫ్రేముల సంఖ్య చూసుకోవాలి. తరువాత సెట్టింగుల్లో రెజల్యూషన్‌ను 1280×720కి దించాలి. పిక్సెళ్లు సగానికంటే తగ్గాయి కాబట్టి కార్డు పని తేలికైంది, ప్రాసెసర్ పని మాత్రం తగ్గలేదు. ఫ్రేములు బాగా పెరిగితే వెనకబడింది కార్డే, మార్చవచ్చు. పెరగకపోతే తప్పు ప్రాసెసర్‌ది. అప్పుడు కొత్త కార్డు తెచ్చినా ఆ ఆటకు ఒరిగేదేమీ లేదు. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటల్లో రెండోదే ఎక్కువ జరుగుతుంది.

టాస్క్ మేనేజర్‌లోనూ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ గ్రాఫిక్స్ వాడకం శాతం కనబడుతుంది. ఆట నడుస్తుండగా అది 95 దాటి నిలకడగా ఉంటే కార్డుకు ఊపిరాడటం లేదని అర్థం. 60 దగ్గర ఊగిసలాడుతుంటే కార్డు ఇంకెవరి కోసమో ఎదురుచూస్తోంది. ప్రాసెసర్ మొత్తం వాడకం 50 శాతమే ఉందని మోసపోకూడదు. నాలుగు కోర్లలో ఒకటి నిండిపోయినా ఆట అక్కడే ఆగుతుంది. ఆట మధ్యలో ఒక్కసారిగా బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంటే ర్యామ్ చాలకపోవడమో, హార్డ్ డిస్కు నెమ్మదో కావచ్చు. దానికి మందు కార్డు కాదు, అదనపు ర్యామ్ లేదా ఎస్ఎస్‌డీ.

ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఇంటెల్ 2013లో నాలుగో తరం ఐ3, ఐ5, ఐ7లతో ఏవీఎక్స్2 అనే ఆజ్ఞల సముదాయం తెచ్చింది. కొన్ని కొత్త ఆటలు అది లేనిదే తెరుచుకోవు. రెండో, మూడో తరం ప్రాసెసర్ల పక్కన ఎంత ఖరీదైన కార్డు కూర్చున్నా అలాంటి ఆట మొదలే కాదు.

బోర్డుకూ కార్డుకూ మధ్య

కార్డు కూర్చునే పొడవాటి స్లాటు పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఇరవై ఏళ్లుగా దాని ఆకారం మారలేదు. కాబట్టి కొత్త కార్డు పాత స్లాటులో పడుతుంది, పనీ చేస్తుంది. మారింది వేగం. పూర్తి 16 లేన్ల (సమాచారం వెళ్లే దారుల) స్లాటులో రెండో తరం సెకనుకు సుమారు 8 జీబీ, మూడో తరం 16 జీబీ, నాలుగో తరం 32 జీబీ మోస్తాయి. 2011 నాటి ఐ5 2400 ఉన్న సిస్టమ్ స్లాటు రెండో తరానిది, 2014 నాటి ఐ5 4590 ఉన్నదాని స్లాటు మూడో తరానిది, బోర్డు హెచ్81 అయితే మాత్రం రెండో తరానిదే.

16 లేన్లూ వాడుకునే కార్డుకు ఈ తేడా పెద్దగా తెలియదు. చిక్కల్లా లేన్లు తగ్గించి చవకగా చేసిన కార్డులతోనే. 2022 జనవరిలో ఏఎండీ తెచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ దీనికి పాఠం లాంటిది. దానికి నాలుగే లేన్లు, మెమొరీ 4 జీబీయే. నాలుగో తరం బోర్డులో సెకనుకు 8 జీబీ దొరుకుతుంది కాబట్టి నెట్టుకొస్తుంది. మూడో తరం బోర్డులో అది 4 జీబీకి పడిపోతుంది. ఆట బొమ్మలు కార్డు మెమొరీలో పట్టనప్పుడు మిగతావి సిస్టమ్ ర్యామ్ నుంచి ఈ ఇరుకు దారినే రావాలి, అప్పుడు ఆట కుంటుతుంది. చవక కార్డు ఎవరికి అవసరం? పాత సిస్టమ్ ఉన్నవాళ్లకే. అది బాగా పనిచేసేది మాత్రం కొత్త బోర్డులో. పాత బోర్డుకు కార్డు ఎంచేటప్పుడు ఎన్ని లేన్లు, ఎంత మెమొరీ అన్న రెండు అంకెలనూ కలిపి చూడాలి. నాలుగు లేన్లూ 4 జీబీ ఒకే కార్డులో కలిసొస్తే వదిలేయడం మేలు. ఇంటెల్ ఆర్క్ కార్డులదీ ఇలాంటి పేచీయే. రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో లేకపోతే అవి వేగం బాగా కోల్పోతాయి, పదేళ్ల నాటి బోర్డుల్లో సాధారణంగా అది ఉండదు.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

అసెంబుల్డ్ సిస్టమ్‌లలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురైన భాగం ఎస్‌ఎంపీఎస్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉంటుంది. చూడాల్సింది అది కాదు, పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల కింద రాసిన ఆంపియర్ల సంఖ్య. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. ఐ5 4590కి 84, బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు మరో 40 తీసేస్తే కార్డుకు మిగిలేది 92. 132 వాట్లు తీసుకునే ఆర్ఎక్స్ 6600కు అది చాలదు. మామూలుగా వెలిగి, ఆట మొదలై బరువు పెరగగానే సిస్టమ్ ఆగిపోతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ అయితే పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోవచ్చు.

స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి: ఆరు పిన్నులదైతే 75, ఎనిమిది పిన్నులదైతే 150 వాట్లు. ఆ తీగ లేదని సాటా కనెక్టర్ నుంచి కన్వర్టర్ పెట్టి ఎనిమిది పిన్నులు తయారు చేసుకునేవాళ్లున్నారు. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర తట్టుకునేది 54 వాట్లే. అంతకు మించి లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది.

పాత సిస్టమ్‌లకు 75 వాట్లలోపు కార్డులు వరమయ్యింది ఇందుకే. వాటికి అదనపు తీగ అక్కర్లేదు. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఈ కోవలోవి. అయితే 1650లో కొన్ని కంపెనీల రకాలకు ఆరు పిన్నుల తీగ కావాలి, కొనేటప్పుడు చూసుకోవాలి. ఆఫీసు సిస్టమ్‌లకైతే వేరే దారే లేదు. ఆప్టిప్లెక్స్ 9020 లాంటి వాటిలో బోర్డుకు కరెంటు వెళ్లే కనెక్టరే కంపెనీ సొంతం, బజారు ఎస్‌ఎంపీఎస్ నేరుగా అతకదు. క్యాబినెట్ సన్నరకమైతే సగం ఎత్తు కార్డే పడుతుంది.

ఇంట్లోని యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన దగ్గర ఎక్కువగా కనబడే 600 వీఏ యూపీఎస్‌లలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లు. ఆట మధ్యలో కరెంటు పోయినప్పుడు 130 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ అన్నీ కలిపి ఆ హద్దును తాకుతాయి. బరువు ఆపలేక యూపీఎస్ కూడా ఆరిపోతే అది ఉండీ లేనట్టే.

మే నెలలో

కార్డు లోపలికి వెళ్లే విద్యుత్తంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఫ్యాన్ చేయగలిగింది గది గాలితో ఆ వేడిని తోసేయడమే. కాబట్టి కార్డు ఉష్ణోగ్రత అంటే గది ఉష్ణోగ్రత, దాని మీద ఒక పెరుగుదల. డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 65 దగ్గర నడిచే కార్డు పెరుగుదల 40. మే నెలలో గుట్ట దగ్గర రాతినేల కాగి గది 40కి చేరితే అదే కార్డు 80 చూపిస్తుంది. చాలా కార్డులు 83 డిగ్రీల చుట్టుపక్కల తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఎండాకాలంలో ఆట నెమ్మదించిందంటే చిప్ పాడైందని కాదు, తనను తాను కాపాడుకుంటోంది.

దీనికి ఉచితంగా దొరికే మందు ఒకటుంది. చిప్ ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజిని 10 శాతం తగ్గిస్తే 0.9ని 0.9తో గుణించినట్టు, విద్యుత్తు 81 శాతానికి దిగుతుంది. వేగం తగ్గకుండానే దాదాపు ఐదో వంతు వేడి పోతుంది. కంపెనీలు ప్రతి చిప్‌కూ కొంత ఎక్కువ వోల్టేజి కేటాయించి పంపుతాయి కాబట్టి చాలా కార్డులు ఈ తగ్గింపును భరిస్తాయి. ఆఫ్టర్‌బర్నర్‌తో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఆట కుప్పకూలితే ఒక మెట్టు వెనక్కి రావాలి. దానికంటే ముందు చేయాల్సింది దుమ్ము దులపడం, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం.

బిగించే వేళ

పాత వీజీఏ మానిటర్ ఉన్నవాళ్లకు ఒక అడ్డంకి ఎదురవుతుంది. ఎన్‌విడియా 2016లో జీటీఎక్స్ 10 వరసతో అనలాగ్ సిగ్నల్ ఆపేసింది. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చాలంటే లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, ఉత్త తీగతో పని జరగదు. కార్డు బిగించాక మానిటర్ తీగను బోర్డుకు కాక కార్డుకే పెట్టాలి. లేకుంటే ఆట ఇంకా లోపలి గ్రాఫిక్స్ మీదే నడుస్తూ ఉంటుంది. కొన్ని పాత బోర్డులు కొత్త కార్డుతో తెర చూపించవు. బయోస్ అప్‌డేట్ చేస్తే చాలాసార్లు దారికొస్తాయి. ఆ పని పాత కార్డు ఉండగానే ముగించుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కార్డులు చవక. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుని కార్డులతో తవ్వకం ఆపేశాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు లోకమంతటా బజారున పడ్డాయి. చిప్ కంటే ముందు వాటిలో అరిగేవి ఫ్యాన్లు, ఎండేది పేస్టు. పాత కార్డు బయోస్ మార్చి 1050 టీఐ పేరుతో అమ్మే నకిలీలూ ఉన్నాయి. జీపీయూ జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చాలావరకు పట్టేస్తుంది. డబ్బు ఇచ్చే ముందు అరగంట ఆట నడిపించి చూడటం మర్యాదకు భంగమేమీ కాదు. మరొకటి: ఎన్‌విడియా జీటీఎక్స్ 900, 10 వరసలకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది, 2028 వరకు భద్రతా సవరణలే ఇస్తుంది. 1050 టీఐ, 1060 బేరం ఎంత చవకగా వచ్చినా ఈ గడువును ధరలో కలుపుకోవాలి. 1650 ఆ తరువాతి తరానిది, దానికి ఈ చిక్కు లేదు.

ఎంత ఖర్చు, దేని మీద

అదే 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు కూడా ముగిసింది. విండోస్ 11 అధికారికంగా అడిగేది ఇంటెల్ ఎనిమిదో తరం, ఆ పైన. అంటే పదేళ్ల సిస్టమ్‌కు ఎంత చేసినా అది కొంతకాలం నెట్టుకురావడానికే. ఖర్చు చేసే తీరు కూడా దాన్ని బట్టే ఉండాలి. నాలుగో తరం ఐ5, మామూలు ఎస్‌ఎంపీఎస్, 1080 తెర ఉన్నవాళ్లకు 75 వాట్లలోపు కార్డు సరైన జోడు. ఆరు నుంచి తొమ్మిదో తరం ఐ5, ఐ7 ఉండి, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు కూడా డబ్బుంటే 8 జీబీ ఆర్ఎక్స్ 6600, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 స్థాయి వరకు వెళ్లవచ్చు. గుట్ట కింద పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకైతే ఎన్‌విడియా కార్డులో వీడియోను కుదించే ప్రత్యేక భాగం ప్రాసెసర్ పాతదైనా చాలా సమయం మిగులుస్తుంది. రెండో, మూడో తరం ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లో మాత్రం కార్డుకు పెద్ద ఖర్చు వద్దు. ముందు ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ ఉన్న ఆటల్లో దాన్ని ఆన్ చేసి చూడాలి. తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే ఈ ఉపాయం పాత కార్డుల మీదా పనిచేస్తుంది.

పాత సిస్టమ్‌లోని భాగాలన్నీ ఒకే రోజు చావవు. డీడీఆర్3 ర్యామ్, పాత బోర్డు, దాని ప్రాసెసర్ ఒక జట్టు. రేపు కొత్త సిస్టమ్ కొంటే ఆ మూడూ ఇక్కడే ఆగిపోతాయి. కార్డు, పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ మాత్రం కొత్త క్యాబినెట్‌లోకి నడిచి వెళ్తాయి. అందుకే చేతిలో ఉన్న డబ్బును ఇక్కడే ఆగిపోయే మూడింటి మీద కాక వెంట వచ్చే మూడింటి మీద పెట్టాలి. వాటిలోనూ ముందు ఎస్‌ఎంపీఎస్. ఈ ఏడు దాన్ని మారిస్తే, వచ్చే ఏడు ఏ కార్డు కొనాలన్నది పాత డబ్బా కాక మన అవసరం తేలుస్తుంది.